నడివయసు స్త్రీ: బరువా, బలమా?

స్త్రీల ఋతుక్రమము నిలిచిపోవుటను తెలుగున ముట్లుడుగుట యందురు. ఉడుగుట యనగా సాగుచున్నది శమించుట. వాన యుడుగును, గాలి యుడుగును. ఆ తరువాత లోకము తన పని తాను చేసికొనుచునే యుండును. సంస్కృతమున దీనినే రజోనివృత్తి యనిరి. 12వ యేట మొదలైన ఋతువు 50వ యేటికి నిలిచిపోవునని సుశ్రుత సంహిత శారీరస్థానమున చెప్పబడినది. ఇంత పాత మాట యయ్యును ఇది మన యిండ్లలో గొంతు తగ్గించి పలుకవలసినదిగానే మిగిలిపోయినది. ఆడపిల్ల పెద్దమనిషి యైనపుడు చుట్టపక్కములను పిలిచి వేడుక చేయుదురు. ఆ దశ ముగియుచున్న తల్లిని మాత్రము ఎట్లున్నావని యడుగువారు అరుదు. ఆమె మేని యందు కలుగు మార్పులలో పదిమంది కంటికి కనబడునది బరువొక్కటే. కనుక దానిని గూర్చి మాత్రము అందరును మాటలాడుదురు. పెండ్లి పందిరిలో ఎదురైన చుట్టము మొదట ననుమాట "లావైనావే" అని. ఆ మాటలో ఒక నింద దాగియున్నది: తిండి యెక్కువైనదని, కదలిక తక్కువైనదని, శ్రద్ధ తప్పినదని.

ఈ నింద యెంతవరకు న్యాయము? ఈ వయసున దేహమున నిజముగా జరుగునదేమి? చేయదగినదేమి? ఈ ప్రశ్నలు నేడు హైదరాబాదు పడమటి దిక్కున, మాదాపురము మొదలు నానక్‌రాంగూడ వరకు వ్యాపించిన కంప్యూటరు నగరమున, మున్నెన్నడును లేనంత గట్టిగా వినబడవలసిన కాలము వచ్చినది.

తొలితరమునకు ఏబదేండ్లు

1998 నవంబరు 22వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. 2003లో సైబరాబాదు పేరిట ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడినది. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకిని, పిమ్మట రాయదుర్గమునకును చేరినది. 2020లో దుర్గము చెరువుపై తీగల వంతెన లేచినది. ఈ తేదీలన్నియు నగర చరిత్రకు సంబంధించినవి. వీనితోపాటు గణింపదగినది మరియొకటి కలదు. సైబర్ టవర్స్ తెరచిననాడు 23 ఏండ్ల ప్రాయమున ఉద్యోగమునకు చేరిన యువతికి నేడు 50 ఏండ్లు దాటుచున్నవి. ఇంజనీరింగు చదివి, ఊరు విడిచి, హాస్టలులో నుండి, రాత్రింబవళ్ళు కంప్యూటరు ముందు కూర్చుండి యీ నగరమును నిలబెట్టిన స్త్రీల తొలితరము ఇప్పుడు ఋతువిరామమును సమీపించినది. భారతదేశమున స్త్రీలకు ముట్లుడుగు సగటు వయసు 46, 47 ఏండ్లు, పాశ్చాత్యదేశములలో 51. అనగా మన స్త్రీ యీ మలుపునకు నాలుగైదేండ్లు ముందుగనే, తన ఉద్యోగ జీవితము నడిమిఘట్టమున నుండగనే చేరుచున్నది.

ఆ మేడలలో మరియొక తరగతి స్త్రీలును గలరు. తెల్లవారకముందే వచ్చి అంతస్తులు తుడుచువారు, భోజనశాలలో గిన్నెలు కడుగువారు, గేటువద్ద సంచులు సోదాచేయువారు. వీరిలో పలువురు జిల్లాలనుండి కూలికై వలసవచ్చిన కుటుంబములవారు. కుర్చీలో కూర్చున్న స్త్రీకిని, ఆ కుర్చీక్రింద చీపురు పట్టిన స్త్రీకిని ఈ మలుపు ఒక్కటియే. అది వారిని చేరు త్రోవలు మాత్రము వేరువేరుగా నున్నవి.

తూకపు యంత్రము చెప్పని సంగతి

"ముట్లుడిగినది, కనుక లావైనది" అని లోకుల నమ్మిక. ఇందు సగము నిజము, సగము పొరపాటు. అమెరికా దేశమున 1996లో ఏడు కేంద్రములలో 42 మొదలు 52 ఏండ్ల వయసుగల 3,302 మంది స్త్రీలతో ఒక దీర్ఘ పరిశోధన మొదలైనది. దానిని క్లుప్తముగా స్వాన్ అందురు. ఆ స్త్రీలలో కొందరి దేహముల కొవ్వును, కండరమును వేరువేరుగా ఏటేట కొలిచి, 2019లో ఫలితములను ప్రకటించిరి. నడివయసున బరువు మెల్లమెల్లగా పెరుగుచునే పోవును. అది వయసు వలన, జీవనవిధానము వలన కలుగునది. ముట్లుడుగు కాలమున ఆ పెరుగుదల వేగము హెచ్చలేదు. హెచ్చినది కొవ్వు. ఋతువిరామపు సంధికాలము మొదలగుటతోడనే దేహమున కొవ్వు చేరు వేగము సుమారు రెట్టింపైనది. అంతవరకు నిలకడగా పెరుగుచున్న కండరము తరుగనారంభించినది. తుది ఋతువు గడచిన రెండేండ్లవరకు ఇట్లే సాగి, ఆ పిమ్మట నెమ్మదించినది.

దీని భావమును బాగుగా గ్రహింపవలెను. కండ కరగుచు కొవ్వు చేరుచున్నపుడు తూకపు యంత్రము ముల్లు అట్టే కదలకపోవచ్చును. గత సంవత్సరము 62 కిలోలు, ఈ సంవత్సరము 63 కిలోలు. అంతమాత్రమే గదా యని స్త్రీ తృప్తిపడును. కాని పాత జాకెట్టు చాలదు, చీర కుచ్చిళ్ళకు కొంగు తగ్గుచుండును, రెండంతస్తులు ఎక్కునప్పటికి మోకాళ్ళు మొరాయించును. ఈ సంగతిని యంత్రముకంటె దర్జీవాని టేపు ముందుగా చెప్పును.

కొవ్వు చేరు స్థానమును మారుచున్నది. అండాశయములనుండి యూరు ఈస్ట్రోజెన్ అను హార్మోను సమృద్ధిగా నున్నంతకాలము కొవ్వు తుంటియందును తొడలయందును నిలువయుండును. అది తగ్గగానే కొవ్వు పొట్టలోనికి, కాలేయము ప్రేగుల చుట్టును చేరును. తొడలయందలి కొవ్వు అంతగా హాని చేయనిది. పొట్టలోని కొవ్వు ఇన్సులిన్ పనిని మందగింపజేసి, మధుమేహమునకు, రక్తపోటునకు, గుండెజబ్బునకు దారి తీయును. మనదేశపువారికి ఈ చిక్కు మరింత యెక్కువ. చూపునకు సన్నగానున్నను మనవారి దేహమున కండ తక్కువ, కొవ్వు ఎక్కువ యని పూణె నగరపు వైద్య పరిశోధకులు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నియో యేండ్లుగా చూపుచు వచ్చిరి. అందుచేతనే మన స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు గీత గీసిరి. కాళ్ళు చేతులు సన్నగానుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చిన స్త్రీ "నేను లావు కాను గదా" యని నిశ్చింతగా నుండరాదు.

"ఈ వయసున జీవక్రియ చల్లబడును, ఏమి తినినను ఒంటబట్టును" అను మాట మరియొకటి కలదు. 2021లో సైన్స్ పత్రికయందు ప్రకటితమైన ఒక మహా పరిశోధన 29 దేశములలోని 6,400 మందికి పైగా మనుష్యుల శక్తివ్యయమును పరిశీలించినది. దేహపరిమాణమును లెక్కలోనికి తీసికొనినచో 20 ఏండ్లనుండి 60 ఏండ్లవరకు జీవక్రియ దాదాపు నిలకడగానే యుండునని తేలినది. ఋతువిరామమున అది చల్లబడిన జాడ కానరాలేదు. కావున దేహము మొరాయించినదని నిరాశ చెందవలసిన పనిలేదు. మారినవి కండరము, కదలిక, నిద్ర. మూడింటిని సరిదిద్దుకొను వీలు కొంతవరకైనను మనుష్యుల చేతిలో నున్నది.

కుర్చీ నగరము

కూర్చుండి తినినచో కొండలైనను కరగునని మన సామెత. మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందలి కొండరాళ్ళు మేడల పునాదులకొరకు నిజముగనే కరగిపోయినవి. ఆ మేడలలో కూర్చున్నవారి సంగతిని హైదరాబాదులోనే యున్న జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించినది. 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన పరిశోధనయే యీ సంస్థకు మూలము. 1958లో అది హైదరాబాదు తార్నాకకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు గైకొన్నది. ఒకనాడు తిండి చాలక వచ్చు రోగములను వెదకిన ఆ సంస్థ, 2023లో నగరమందలి సాఫ్టువేరు ఉద్యోగులను పరీక్షించి, అందు సుమారు సగము మందికి నడుముకొవ్వు, రక్తపోటు, రక్తమున చక్కెర మొదలగు దోషములు కలసియున్న స్థితి కలదని ప్రకటించినది. పరీక్షింపబడినవారిలో అధికసంఖ్యాకులు నడివయసునకు ఇంకను చేరనివారే. అట్టి యుద్యోగమున పాతికేండ్లు గడపి ఋతువిరామమునకు చేరిన స్త్రీ యే పునాదిపై నిలిచియుండునో ఊహింపవచ్చును.

ఆ యుద్యోగపు గడియారము సంగతియు గమనింపదగినది. న్యూయార్కు నగరమున ఉదయము 9 గంటలైనపుడు హైదరాబాదున వేసవిలో సాయంత్రము 6.30, శీతకాలమున 7.30. కాలిఫోర్నియాలో ఉదయము 9 గంటలనగా ఇచ్చట రాత్రి 9.30 లేక 10.30. అచ్చటివారి ఉదయపు సమావేశము ఇచ్చటి స్త్రీకి వంటవేళ, పిల్లల చదువువేళ, నిదురవేళ. భోజనము పదిగంటలకు, నిద్ర పన్నెండింటికి. అప్పుడైనను నిద్ర నిలువదు. ఋతువిరామ కాలమున ఒళ్ళంతయు వేడి ఆవిర్లు క్రమ్మి, చెమటలు పట్టి, నడిరేయి మెలకువ వచ్చును. నిద్ర తక్కువైననాడు ఆకలి హెచ్చుటయు, తీపిపై, నూనెవంటలపై మనసు పోవుటయు దేహధర్మములు. మరునాటి మధ్యాహ్నము కునుకు ఆపుకొనుటకు నాలుగుమార్లు టీ త్రాగినచో, ఒక్కొక్క దానికి రెండేసి చెంచాల చక్కెర చొప్పున 40 గ్రాములగును. దినమునకు 25 గ్రాములకు లోబడియుండుట మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ యభిప్రాయము. ఉస్మానియా బిస్కట్ల లెక్క దీనికి వేరు. ఈ క్రమమునంతయు చూచిన పిమ్మట "శ్రద్ధ తప్పినది" అను నింద ఆమె యొక్కతెకే చెందునా యని ఆలోచింపవలసియున్నది.

లంఖణము పరమౌషధమా?

బరువు పెరిగినదని గ్రహించిన స్త్రీ మొదట చేయు పని అన్నము మానుట. లంఖణము పరమౌషధమను మాట మనవారి నాలుకపై నుండనే యున్నది. జ్వరమునకు చెప్పిన మాటను నడివయసు బరువునకు అన్వయించుటచేత చేటు కలుగుచున్నది. పూటలు మానుకొని, పలుచని మజ్జిగపైనను, పండ్లరసముపైనను గడపినచో పదిదినములలో మూడు కిలోలు తగ్గవచ్చును. తగ్గినదానిలో నీరెంత, కండరమెంత యని యంత్రము చెప్పదు. ఈ వయసున కండరము తనంత తానే తరుగుచున్నది. ఉపవాసమున మరికొంత పోవును. ఉపవాసము విడిచిన తరువాత తిరిగివచ్చునది చాలవరకు కొవ్వు. రెండుమూడుమార్లు ఇట్లు చేసిన స్త్రీ మొదటి బరువునకే తిరిగివచ్చి, మొదటికంటె బలహీనురాలగును.

కావలసినది తిండి మానుట గాక, తిండి కూర్పు మార్చుకొనుట. కూర్చుండి పనిచేయు 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 1,660 కాలరీలు చాలునని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కకట్టినది. నూరు గ్రాముల బియ్యమున సుమారు 350 కాలరీలు కలవు; మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములే. నూరు గ్రాముల కందిపప్పునను కాలరీలు ఇంచుమించు అంతే. మాంసకృత్తులు మాత్రము 20 గ్రాములకు మించును. మన విస్తరిలో అన్నము కొండయై, పప్పు దాని శిఖరమున చిన్న గుంటయై యుండును. ఈ పొందిక తలక్రిందులు కావలెను. ఆ సంస్థయే 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో 2,000 కాలరీల దినభోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు గాని గ్రుడ్లు మాంసములు గాని 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములని కొలత చూపినది. 1,660 కాలరీలతో సరిపెట్టుకొనవలసిన స్త్రీ తగ్గించుకొనవలసినవి ధాన్యమును, నూనెయును; పప్పును, కూరను, పాలను గాదు.

ఎముకల మాటయు మరువరాదు. ఈస్ట్రోజెన్ తగ్గినపుడు ఎముకలనుండి సున్నము తొలగిపోవుట హెచ్చును. అందుచే ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని ఆ సంస్థ నిర్ణయము. తక్కిన పెద్దలకు 1,000 చాలును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తోటకూర, మునగాకు, నువ్వులు, పాలు, పెరుగు ఇవన్నియు మన వంటయింటి సరకులే. పెసరట్టు, రాగిసంకటి, మునగాకు పప్పు, నువ్వుపొడి వండుకొను యింటికి విదేశపు పొడుల డబ్బాలతో పనిలేదు. కండబలమునకని యమ్ముడుపోవు మాంసకృత్తుల పొడులను వాడవద్దని పైని చెప్పిన 2024 సూత్రములలోనే హెచ్చరిక కలదు.

పప్పుగిన్నె చివర యెవరికి మిగులునను ప్రశ్నయు ఇచ్చట వచ్చును. మన యిండ్లలో అందరికిని వడ్డించి చివర కూర్చుండునది తల్లి. అప్పటికి కూర అడుగంటును, పప్పు చారగును, అన్నము మాత్రము మిగులును. మిగిలినది పారవేయనొల్లక ఆ యన్నమును పచ్చడితో తినును. నెలకు లక్షలు గడించు స్త్రీ యింటను, దినకూలి స్త్రీ యింటను ఈ యాచారము చాలవరకు ఒక్కటిగానే యున్నది. తల్లితో కలసి, ఆమెకు ముందుగా కూరయు పప్పును వడ్డించి తినుట యీ విషయమున ఇంటివారు చేయగల చికిత్సలలో మొదటిది.

శ్రమ వేరు, వ్యాయామము వేరు

కొత్తగూడ వనమున, దుర్గము చెరువు గట్టున తెల్లవారుజామున నడచు స్త్రీలు పలువురు కనబడుదురు. నడక మంచిది, గుండెకు, మనసునకు, నిద్రకు మేలు చేయును. వారమునకు 150 నిమిషములు తగ్గకుండ ఊపిరి కొంచెము వేగమగునట్లు నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. దానితోనే చెప్పిన రెండవ సూత్రమును చాలమంది చదువరు: వారమునకు రెండుదినములైనను కండరములకు బలము కలిగించు వ్యాయామము చేయవలెను. తరిగిపోవు కండను నిలుపుటకు నడకమాత్రము చాలదు. బరువునకు ఎదురు నిలిచినపుడే కండ పెరుగును.

దీనికి ఖరీదైన వ్యాయామశాల యక్కరలేదు. చేతుల సాయము లేకుండ కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడకు అరచేతులానించి దేహమును ముందుకు వెనుకకు నెట్టుట, లీటరు నీటిసీసాలను రెండుచేతుల భుజములకు ఎత్తుట, లిఫ్టు మాని రెండంతస్తులు మెట్లెక్కుట—ఇవి చాలును. రెండు వారములకొకమారు లెక్క కొంచెము పెంచుచు పోవలెను. మోకాలినొప్పి, రక్తపోటు, గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని యడుగుట క్షేమము.

పూర్వపు స్త్రీలు రోటను రుబ్బి, తిరుగలి త్రిప్పి, బావినీరు తోడి బలముగా నుండిరని నిట్టూర్చువారు కలరు. ఆ పనులు చేతులకు బలము నిచ్చినవి నిజమే. నడుములను విరిచినవియు నవియే. కాలము వెనుకకు మరలదు, మరలనక్కరయు లేదు. యంత్రములు తీసికొన్న శ్రమలో మేలైన భాగమును వ్యాయామరూపమున తిరిగి తెచ్చుకొనుట నేటి కర్తవ్యము.

పది అంతస్తులు తుడుచు స్త్రీకి ఈ మాట చెప్పినచో నవ్వును. దినమంతయు వంగి లేచు నామెకు వ్యాయామ మేల? ఇచ్చటనే శ్రమకును వ్యాయామమునకును భేదము తెలియుచున్నది. వ్యాయామము తగినంత చేసి, తగిన తిండి తిని, విశ్రాంతి పొందునపుడు కండ పెరుగును. శ్రమ ఒకే కీళ్ళపై, ఒకే కదలికతో, విశ్రాంతి లేక, పప్పులేని యన్నముపై సాగునపుడు కండ యరుగును. ఆమెకు కావలసినవి పొడుగు కర్రగల తుడుపుగుడ్డ, నడుమ నడుమ కూర్చుండుటకు చోటు, మధ్యాహ్నము ఒక గ్రుడ్డో పిడికెడు శనగలో గల భోజనము. కుర్చీలోని స్త్రీకి లేచు వేళ చెప్పవలెను. చీపురు పట్టిన స్త్రీకి కూర్చుండు వేళ కల్పింపవలెను.

అకాలమున మూయబడు తలుపు

తెలుగునాట ఈ విషయమును గూర్చి వ్రాయునపుడు దాచరాని సంగతి యొకటి కలదు. మన రెండు రాష్ట్రములలో వేలకొలది స్త్రీలకు ముట్లుడుగుట ప్రకృతి వలన గాక శస్త్రచికిత్స వలన కలుగుచున్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణమున దాదాపు ఎనమండుగురు, ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు. దేశమున ఈ శస్త్రచికిత్స జరిగిన మధ్యమ వయసు 34 ఏండ్లు. అందు సుమారు మూడింట రెండువంతులు ప్రైవేటు వైద్యశాలలలో జరిగినవి. కడుపునొప్పికి, తెల్లబట్టకు, అధిక రక్తస్రావమునకు మందుతో నయమగు నవకాశ మున్నను, పిల్లలు కలిగిరి గదా, ఇంక గర్భసంచి యేల యను మాట తరచు వినబడును. అక్కరలేని యీ శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రము రూపొందించిన సూత్రములను మూడు నెలలలో అమలుపరుపవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో రాష్ట్రముల నాదేశించినది.

దీనికిని బరువునకును సంబంధమేమి? గర్భసంచితోపాటు అండాశయములను తీసివేసినచో, పదేండ్ల తరువాత మెల్లగా రావలసిన ఋతువిరామము ఒక్కదినమున వచ్చి పడును. అండాశయములను మిగిల్చినను అవి కొంత ముందుగా మందగించునని వైద్యులెరుగుదురు. 34 ఏండ్ల స్త్రీకి 50 ఏండ్ల యెముకలు, 50 ఏండ్ల పొట్టకొవ్వు, గుండెకు రక్షణ లోపము ఇంత త్వరలో సంక్రమించును. ఆమె లావగుటను చూచి తిండిని నిందించువారు, ఆమె కడుపుపై గీతను చూడరు. అండాశయములు పోయిన స్త్రీకి సహజ వయసు వచ్చువరకు హార్మోను చికిత్స యవసరమా యని వైద్యుని తప్పక యడుగవలెను. శస్త్రచికిత్సకు ముందు మరియొక వైద్యుని యభిప్రాయము గోరుట రోగి హక్కు.

మందుల హద్దు

బరువు తగ్గుటకు హార్మోను మాత్రలు మందు గావు. వేడి ఆవిర్లను, నిద్రలేమిని తగ్గించుటకు, ఎముకలను కాపాడుటకు అవి పనికివచ్చును. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరీక్షయందు రొమ్ము క్యాన్సరు మున్నగు హానులు కనబడుటచే లోకమంతయు వానిని విడిచినది. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయసు 63 ఏండ్లనియు, ఋతువిరామపు తొలి పదేండ్లలో వాడువారికి లాభనష్టముల పాళ్ళు వేరనియు తరువాతి విమర్శలలో తేలినది. ఎవరికి తగును, ఎవరికి తగదు అన్నది వైద్యుడు పరీక్షించి చెప్పవలసిన మాట. ఆకలిని తగ్గించి బరువు తీయు సూదిమందులు కొన్ని 2025లో మనదేశపు విపణికి వచ్చినవి. అవి మధుమేహముతో, అధిక స్థూలకాయముతో బాధపడువారికి మేలుచేయుచున్నవి. వానితో కొవ్వుతోపాటు కండయు పోవును గనుక, మాంసకృత్తులను, వ్యాయామమును విడిచి సూదిని మాత్రము నమ్మినవారికి పాత చిక్కే క్రొత్త దారిని వచ్చును. హఠాత్తుగా బరువు పెరిగినచో థైరాయిడు పరీక్షయు, రక్తమున చక్కెర పరీక్షయు చేయించుకొనుట యుక్తము.

ఆఫీసు వంతు, బడి వంతు

మన చట్టమునకు స్త్రీ యొక్క ప్రసవము తెలియును. 2017 సవరణ ప్రకారము 26 వారముల జీతముతోడి సెలవు, 50 మంది ఉద్యోగులున్న చోట శిశుగృహము ఏర్పడినవి. ఆ శిశువు పెరిగి కాలేజీకి పోవునాటికి తల్లి యెదుర్కొను మార్పు చట్టమునకును, చాల కార్యాలయములకును తెలియదు. బ్రిటను పార్లమెంటు సంఘ మొకటి 2022లో ఋతువిరామమును గూర్చియు ఉద్యోగస్థలమును గూర్చియు ప్రత్యేక నివేదిక వెలువరించినది. అందరికిని పెద్ద ఖర్చుతో పనిలేని యేర్పాట్లు కొన్ని కలవు: రాత్రి సమావేశములను వంతులవారీగా పంచుట, గంటకొకమారు లేచి నడచు వీలు, గాలి చల్లదనము సవరించుకొను స్వేచ్ఛ, భోజనశాలలో పప్పును కూరలును సరిపడ నుంచుట, ఏటేట జరుగు వైద్యపరీక్షలో నడుము కొలతయు ఎముకల పరీక్షయు చేర్చుట. ఈ సౌకర్యములు కాంట్రాక్టు స్త్రీలకును అందినపుడే అవి న్యాయములగును.

ఉపాధ్యాయులకు ఈ విషయమున రెండువిధముల సంబంధము కలదు. బడులలో పాఠము చెప్పు స్త్రీలలో పలువురు ఈ వయసువారే. దినమంతయు నిలుచుండి, గొంతు చించుకొని, సాయంత్రము పత్రములు దిద్దుటకు కూర్చుండువారే. కౌమారమును గూర్చిన పాఠము చెప్పువారును వారే. ఋతువు మొదలగుటను వివరించునపుడు, ఉడుగుటనుగూడ అంతే సహజముగా, బాలురును వినునట్లు వివరించినచో, పదునైదేండ్ల విద్యార్థికి తన యింటిలోని తల్లి చిరాకు, చెమట, అలసట, నడుము లావు యెక్కడనుండి వచ్చుచున్నవో తెలియును. తెలిసినవాడు హేళన చేయడు.

ఆ విద్యార్థి చేయగల పని చిన్నది. నెలకొకమారు టేపు తెచ్చి తల్లి నడుము కొలత వ్రాసిపెట్టవలెను. ముప్పది సెకన్లలో ఆమె చేతుల సాయము లేకుండ కుర్చీనుండి యెన్నిమార్లు లేవగలదో లెక్కించి ప్రక్కన వ్రాయవలెను. మొదటి యంకె పెరుగకుండ, రెండవ యంకె తగ్గకుండ ఉన్నచో తూకపు యంత్రము ఒకటి రెండు కిలోలు అటునిటు చెప్పినను కలవరపడ నక్కరలేదు. ఆ రెండంకెలును చెడుచున్నచో తల్లిని వెంటబెట్టుకొని వైద్యునివద్దకు పోవలెను. అటుపిమ్మట ఆ పూట అంట్లు తాను తోమి, ఆమెను ఒక అరగంట నడకకు పంపవలెను.